మూడేండ్లు ఉన్నందుకిచ్చిన పతకం

హిందూపురంలో పాత వెండి కొని కరిగించే నూర్ మహమ్మద్‌కు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. రాజులు తమ కొలువుకు వచ్చిన పరదేశపు రాయబారులకు ఇచ్చే పతకాలు కూడబెట్టేవాడు. ఒకసారి బెంగళూరు పాతసామాన్ల సంతలో కరిగించడానికని నక్షత్రంలా ఉన్న అలాంటి వెండి పతకమొకటి కొన్నాడు. తీరా కొలిమి దగ్గర కూర్చున్నాక మనసొప్పలేదు. అది మొదలు, ఏ దొరల కుటుంబం సామాను అమ్ముకుని పోతోందని తెలిసినా పరుగెత్తేవాడు. సింహం బొమ్మవి, ఏనుగు బొమ్మవి, పట్టు నాడాకు వేలాడేవి, అన్నీ ఎర్ర మఖ్మలు గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచేవాడు. ఒక్కోదానికి ఒక్కో కథ అల్లి భార్య దాదాబీకి చెప్పేవాడు. సింహం పతకమాయన యుద్ధం ఆపాడట. ఏనుగు పతకమాయన రాజుగారి బిడ్డను ఏట్లోంచి లాగాడట.

పెళ్లైన కొత్తలో దాదాబీ నోరు తెరుచుకుని వినేది. రానురాను ఆ ఓపిక పోయింది. పందొమ్మిదివందల అరవై ఐదులో వాన ముఖం చాటేసింది. అరవై ఆరులోనూ అంతే. వెండి అమ్మేవాళ్లే గాని కొనేవాళ్లు లేరు. తెల్లారేసరికి కుందుర్పి దిక్కు నుంచి వచ్చిన ఆడవాళ్లు కాళ్ల కడియాలు కొంగున కట్టుకుని అంగడి ముందు కూర్చునేవాళ్లు. వాళ్ల ముఖాలు చూసి చూసి నూర్ మహమ్మద్‌కు తక్కెడ ఎత్తాలంటేనే చేయి బరువెక్కేది.

అలాంటి ఒక పొద్దున యేసన్న వచ్చాడు. చిలమత్తూరు అవతల డాక్టరమ్మ ఆసుపత్రిలో వంటమనిషి అతను.

"దొర పిలుస్తాండాడు సాబూ. ఆయప్ప దగ్గర నీకు పనికొచ్చే బిళ్ల ఒకటి ఉండాది."

దొర అంటే డాక్టరమ్మ భర్త. ఒకప్పుడు రాయబారిగా పనిచేసి, ఉద్యోగం చాలించాక భార్య వెంట ఇక్కడికి వచ్చాడు. ఆమె చనిపోయాక ఇద్దరు నర్సులు ఆసుపత్రిని ఎలాగో లాక్కొస్తున్నారు. దాదాబీ కాన్పులో బిడ్డ అడ్డం తిరిగితే ఆ డాక్టరమ్మే తల్లిని దక్కించింది. బిడ్డ దక్కలేదు.

నూర్ మహమ్మద్ వెంటనే బస్సెక్కాడు. ఇన్ని పతకాలు చూశాడు గాని, పతకం పొందిన మనిషిని అతను ఏనాడూ చూడలేదు.

దొర వరండాలో నులకమంచం మీద ఉన్నాడు. పక్కన నెమలి బొమ్మ ఉన్న వెండి నక్షత్రం. ఆయన తెలుగు యేసన్న దగ్గర నేర్చుకున్నది.

"ఏం చేసినందుకిచ్చినారు దొరా?" గొంతు తగ్గించి అడిగాడు నూర్ మహమ్మద్.

"మూడేండ్లు ఉన్నందుకు."

"ఉండి ఏం చేసినారు?"

"విందులకు పోయినా. జాబులు రాసినా. ఊరు విడిచిపోయే రోజు రాజు అందరికీ ఇస్తాడప్పా. నా ముందరాయనకు ఇచ్చినాడు, నా తర్వాతాయనకూ ఇచ్చినాడు. ఇంకా ఎక్కువేండ్లుంటే ఇంకా పెద్దది."

"యుద్ధమేమన్నా ఆపినారా?"

"నా కుక్క మొరిగేదే ఆపలేకపోయినా."

నూర్ మహమ్మద్ నవ్వబోయాడు. దొర ముఖంలో నవ్వు లేదు.

"మా ఆమెకు ఏ రాజూ ఏమీ ఇయ్యలే," అన్నాడు దొర. "ఈడ బావి ఎండిపోయినాది. నర్సులు యాడనుంచో నీళ్లు మోస్తాండారు. దీన్ని అమ్మి బావి లోతు చేయించల్ల."

నూర్ మహమ్మద్ నక్షత్రాన్ని అరచేతిలో ఆడించి చూశాడు. పలచని వెండి, పైన బంగారు పూత.

"చాలదు దొరా," అంటూ దాన్ని తిరిగి మంచం మీద పెట్టాడు.

"అనుకున్నా," అని దొర అటు తిరిగి పడుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి దాదాబీ రొట్టెలు తడుతోంది.

"ఏం చేసినాడంట?"

"ఏమీ లేదంట. ఊరికే ఉన్నాడంట."

"ఉండేది మాత్రం తక్కువ పనా?" అంది, చేయి ఆపకుండానే.

"డాక్టరమ్మ బావిలో నీళ్లు లేవంట."

అప్పుడు ఆగింది ఆమె చేయి. పిండి దులుపుకుని లోపలికి పోయి, ట్రంకుపెట్టెను గడప దాకా ఈడ్చుకొచ్చింది.

"ఎత్తుకపో," అంది.

బెంగళూరులో పాత నాణేలు, పతకాలు కొనే బదరీనారాయణ శెట్టి ఒక్కోటి తిప్పి చూశాడు. "వీటి వెనక కథలేమన్నా ఉన్నాయా? ఉంటే రేటు వేరే."

తానల్లిన కథల్లో ఏ ఒక్కటీ జరిగి ఉండదని ఇప్పుడు నూర్ మహమ్మద్‌కు తెలుసు. అయినా గోడకు ఆనుకుని మొదలుపెట్టాడు. సింహం, యుద్ధం. ఏనుగు, ఏట్లో పడిన బిడ్డ. గొంతులో ఊపు లేదు, కళ్లెత్తి చూడలేదు. శెట్టి మాత్రం ప్రతిదానికీ తలూపాడు. ఖాళీ పెట్టె తేలికగానే ఉంది గాని, మోయడానికి భుజం సహకరించలేదు.

బావి పని, బావులు తవ్వే ఓబుళేసుకు అప్పగించాడు. తవ్వేకొద్దీ బండ మీద బండ తగిలింది. మందుపెట్టి పేల్చారు. కడకు ఒక మూల చెమ్మ ఊరి, తెల్లారేసరికి కొన్ని బిందెలకు సరిపడా నీరు నిలిచింది.

"యాడివప్పా ఈ దుడ్లు?" అడిగాడు దొర.

"పాత వెండివి."

నర్సులు కడవలతో వచ్చారు. నూర్ మహమ్మద్ దోసెడు తాగి చూశాడు. కాస్త ఉప్పన. ఆసుపత్రి గుడ్డలు ఉడకబెట్టడానికి పనికొస్తాయి. బస్సుకు ఇంకా వేళ ఉంది. బావి గట్టున కూర్చుని చెప్పులు విడిచాడు. ఎంతసేపటికీ లేవబుద్ధి కాక, ఊరికే అక్కడే ఉన్నాడు.