ఒక్క సీజన్ హెడ్ కోచ్

మా ఆయన హెడ్ కోచ్‌గా ఉన్నది ఒకే ఒక్క సీజన్. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మీదా, ఆయన్ని అలా పెంచినవాళ్ల మీదా, అడిగిన వెంటనే చెప్పిన జవాబే నిజమని నమ్మేసే ఈ దేశం మీదా కూడా.

2001లో నా హెచ్-1బి మీద డిపెండెంట్‌గా అమెరికాలోని పార్సిప్పనీ వచ్చాడు ఉమాకాంత్. ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. నేను ఆఫీస్‌కి వెళ్లిపోతే అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తూ కూర్చోవాలి. ఆంధ్రా టీమ్‌కి బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి ఎన్నాళ్లని కూర్చుంటాడు? దగ్గర్లో ఒక చిన్న కాలేజీ ఉంటే, ఒకరోజు దాని జిమ్‌లోకి వెళ్లి ప్రాక్టీస్ చూడొచ్చా అని హెడ్ కోచ్ రిజ్జోని అడిగాడు. చూస్తూ చూస్తూ బంతులు అందించడం మొదలుపెట్టాడు. తర్వాత ఎదుటి టీమ్‌ల వీడియోలు చూసి వాళ్ల లోపాలు చెప్పేవాడు. ఏళ్ల తరబడి ఊరికే చేశాడు. గ్రీన్ కార్డ్ వచ్చాక రిజ్జో అతన్ని అసిస్టెంట్ కోచ్‌గా పెట్టుకున్నాడు.

అదేం ఉద్యోగమో మా కాంప్లెక్స్‌లో తెలుగువాళ్లకు అర్థమయ్యేది కాదు. "మీవారు కోచింగ్ ఇస్తారటగా, మా అమ్మాయికి ఎస్‌ఏటీ మ్యాథ్స్ చెప్తారేమో కనుక్కోండి" అని ఒకావిడ నన్ను లాండ్రీ రూమ్‌లో పట్టుకుంది. బాస్కెట్‌బాల్ అని చెబితే, "పోన్లెండి, ఏదో ఒక వ్యాపకం" అని జాలిపడింది.

2011లో సీజన్ మొదలవబోతుండగా రిజ్జోకి గుండె ఆపరేషన్ అయింది. ఆ ఒక్క సీజన్‌కి ఉమాకాంత్‌ని తాత్కాలికంగా హెడ్ కోచ్‌ని చేశారు. ఎప్పుడూ లీగ్‌లో అట్టడుగున పడి ఉండే టీమ్ అది. అలాంటిది ఫైనల్ దాకా వెళ్లింది. ఇంట్లో గొంతు పెంచడం ఎరగని మనిషి కోర్టు పక్కన నిలబడి అరుస్తుంటే, ఆరున్నర అడుగుల కుర్రాళ్లు మెడలు వంచి వినేవారు. పెళ్లాన్నైన నాకే కొత్త మనిషిలా కనిపించాడు. తెనాలి నుంచి ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన మా మామగారు విశ్వనాథం గారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, మంకీ క్యాప్ పెట్టుకుని ప్రతి మ్యాచ్‌కీ వచ్చేవారు. ఫైనల్లో టీమ్ ఓడిపోయింది గానీ కాలేజీ మొత్తం పండగ చేసుకుంది. ఆ ఉద్యోగం తప్ప ఈ దేశంలో ఉమాకాంత్‌కి ఇంకేమీ అక్కర్లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది.

మార్చిలో రిజ్జో ఇక తిరిగి రానని చెప్పేశాడు. కాలేజీలో ఆటల విభాగమంతా చూసుకునే డొనెల్లీ ఉమాకాంత్‌ని తన ఆఫీస్‌కి పిలిచాడు. నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. మా ఆయన నవ్వుతూ వచ్చాడు.

"హెడ్ కోచ్‌గా పర్మనెంట్‌గా ఉంటావా అని అడిగాడు" అన్నాడు షూస్ విప్పుతూ.

"మీరేమన్నారు?"

"కాలేజీకి ఏది మంచిదో అది చేయండి, నాకంటే ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్లు దొరికితే వాళ్లనే తీసుకోండి అన్నాను."

మామగారి ముందు ఆయన్ని 'మీరు' అనడం నా అలవాటు. ఆ పూట అలవాటూ లేదు, పాడూ లేదు. "నీకేమైనా పిచ్చి పట్టిందా? కావాలని చెప్పడానికి ఏమొచ్చింది?" అన్నాను.

"అడగ్గానే ఎగిరి గంతేస్తే ఏం బావుంటుంది రాగిణీ? మళ్లీ అడుగుతారుగా. అప్పుడు సరేనంటాను."

"బాగా అన్నావురా" అన్నారు మామగారు సోఫాలోంచి. "మనం పాకులాడినట్టు ఉండకూడదు. నన్ను హెడ్‌మాస్టర్ ఇన్‌ఛార్జి తీసుకోమంటే మొదట వద్దనేశాను. కమిటీవాళ్లు ఇంటికొచ్చి బతిమాలారు."

"మామయ్యగారూ, అది తెనాలండీ. ఇక్కడ ఎవరూ బతిమాలరు" అన్నాను.

డొనెల్లీకి ఫోన్ చేసి ఆ ఉద్యోగం కావాలని చెప్పమన్నాను మా ఆయన్ని. ఇప్పుడు చెబితే మాట మార్చినట్టుంటుందన్నాడు. పోనీ నేను చేస్తానంటే, "నువ్వు చేస్తే నా పరువేం కావాలి" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, తండ్రీకొడుకులిద్దరూ దానివైపే చూసేవారు. ఒకసారి కార్ ఇన్సూరెన్స్‌వాళ్లు, ఇంకోసారి తెనాలి నుంచి మా ఆడపడుచు. డొనెల్లీ మాత్రం చేయలేదు. ఒహాయో నుంచి ఎవరో కుర్ర కోచ్‌ని తీసుకుంటున్నారని ఏప్రిల్‌లో కాలేజీ వెబ్‌సైట్‌లో ఫొటో వేశారు. ఉమాకాంత్ ఆ ఫొటో చూసి, "మంచి కోచే, పేరు విన్నాను" అన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

కొత్త కోచ్‌ని పరిచయం చేసే పార్టీకి ఇద్దరం వెళ్లాం. మా ఆయన అతనితో మాట్లాడుతుంటే డొనెల్లీ నా దగ్గరికి వచ్చి, "నేను ఉమాకాంత్‌నే అనుకున్నాను. వద్దన్నాడని ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పుకుని బాధపడ్డాను" అన్నాడు.

"వద్దనలేదండీ. మాలో అడగ్గానే ఒప్పుకోరు. మర్యాదకి అలా అంటారు. రెండోసారి అడగాలి" అన్నాను.

డొనెల్లీ చేతిలో కప్పు అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "మరి నాకెవరూ చెప్పలేదే" అన్నాడు మెల్లగా. "నిన్ననే కాంట్రాక్ట్ మీద సంతకాలయ్యాయి."

బాత్‌రూమ్‌లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. అడిగినవాడు మంచివాడే. ఇవ్వాలనే అడిగాడు. ఎవర్ని తిట్టుకోవాలి? ఈ సంగతి ఉమాకాంత్‌కి చెప్పలేదు. ఎలా చెప్పను?

కొత్త కోచ్ వస్తూ తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. ఇక్కడ అదే పద్ధతి, తప్పుపట్టడానికి లేదు. మే నెలలో ఒక సాయంత్రం ఉమాకాంత్ గోరుచిక్కుడుకాయలు కడుగుతుంటే డొనెల్లీ ఫోన్ చేశాడు. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్ పెట్టాడు. మామగారు టీవీ సౌండ్ తగ్గించారు. ఆ ముసలాయన మొహంలో ఆశ చూసి నేను కళ్లు దించుకున్నాను.

అసిస్టెంట్ పోస్ట్ ఇక ఉండదని డొనెల్లీ చెప్పాడు. ఆ మాట చెప్పడానికి చాలాసేపు తడబడ్డాడు. తర్వాత, జిమ్‌లో ఒక పని ఖాళీగా ఉందన్నాడు. తలుపులు తీయడం, బంతుల్లో గాలి చూసుకోవడం, మ్యాచ్‌లకు బస్సులు బుక్ చేయడం. "నీ స్థాయికి తగింది కాదని నాకు తెలుసు, కానీ నీకు ఒకవేళ..." అంటున్నాడు.

"ఐ వాంట్ ఇట్" అన్నాడు మా ఆయన. అవతల డొనెల్లీ ఇంకా అడగడం పూర్తి చేయలేదు.