గులందామ్ గట్టు

సఫీద్‌రూద్ ఏరు పొంగి గుర్రాల వంతెనను ఊడ్చుకుపోయిన ఏడాది నుంచి అది నాలుగో కోత. తెల్లవారుతుండగా హైబత్ మెట్ల మీద కూర్చొని కొడవలికి సాన పడుతున్నాడు. తరువాత చక్కెర ముక్క పంటి కింద పెట్టుకొని టీ రెండు గుక్కల్లో ముగించాడు. రాత్రి మిగిలిన అన్నం ముద్ద, రెండు వెల్లుల్లి రెబ్బలు, పొగలో ఎండిన చేప తోక గుడ్డలో పెట్టాడు. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం ముడి ఒక పట్టాన పడలేదు.

నలభై ఏళ్ళుగా అతను ఆ ఊరి గట్టుమనిషి. ఏటా వసంతంలో గట్ల మీద గడ్డిని వేళ్ళతో సహా గీకేవాడు. తడి మట్టి మెత్తి అరచేత్తో నున్నగా రుద్దేవాడు. నడుము అలాగే వంగి నిలిచిపోయింది. అరచేతుల గీతల్లో ఎన్ని కడిగినా పోని బురద. ఆ ఊళ్ళో మంచి గట్టంటే గొరిగిన గుండులా ఉండాలి. గడ్డి కనిపించిందంటే ఆ ఇంట్లో మగవాడు లేడని, ఉన్నా లేనట్టేనని జనం చెప్పుకునేవారు.

గులందామ్ మొగుడు పోయి ఐదేళ్ళు. మూడేళ్ళుగా ఆమె గట్టు మీద మోకాలెత్తు గడ్డి ఉంది. దాన్ని హైబత్ గీకడం లేదు.

వరదప్పుడు అతను రెండు రోజులు ఏటికట్ట మీద చిక్కుబడ్డాడు. రెండో పొద్దున లేచి చూస్తే చుట్టూ ఉన్న గడ్డంతా తెల్లటి సాలెగూళ్ళతో కప్పేసి ఉంది. పొలాలు మునిగి సాలీళ్ళన్నీ కట్టెక్కాయి. నీళ్ళు తీయగానే దిగి, పక్కనే ఉన్న గులందామ్ మడిలోకి నడిచిపోయాయి. ఆ ఏడు మళ్ళీ వేసిన వరిలో ఊరంతా తెల్లకంకి, పురుగు కాండం తొలిస్తే వచ్చే గింజ లేని వట్టి కంకి. ఆమె మడిలో మాత్రం లేదు. హైబత్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడం అతనికి అలవాటు లేదు. పై వసంతంలో ఆమె గట్టు దగ్గరకు వచ్చి కొడవలి భుజాన వేసుకొని దాటిపోయాడు.

"మరిచిపోయావా అన్నా?" అంది గులందామ్.

"లేదు."

"మరి?"

"పురుగును తినేవి సాలీళ్ళు. దున్నినా, నీళ్ళు పెట్టినా వాటికి ఎక్కడానికి చోటుండాలి. ఉండనీ."

ఆమె రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు, "అనేవాళ్ళను అననీ" అంది. మూడేళ్ళు అన్నారు. బావి దగ్గరా అన్నారు, నాట్లలోనూ అన్నారు.

ఈ ఏడు, యాత్ర చేసొచ్చి మష్తీ అనిపించుకున్న నౌరూజ్ టీ కొట్లో పదిమంది ముందు తేల్చేశాడు. అతనిది గులందామ్ పక్క మడి. ఆ గడ్డిలోంచే పురుగు తన పంటలోకి వస్తోందన్నాడు. కోతకు ముందు రెండు మళ్ళలోనూ తెల్లకంకి లెక్కపెట్టాలి. ఆమె మడిలో ఎక్కువుంటే ఆ గట్టును తన కొడుకులే గీకి తగలబెడతారు. గట్టుపని హైబత్ చేతిలోంచి పోతుంది. హైబత్ టీ తాగి లేచి వచ్చేశాడు. ఆ లెక్క ఈ పొద్దునే.

అతను వెళ్ళేసరికి జనం గట్లెక్కి ఉన్నారు. నౌరూజ్ గులందామ్ గట్టు మీది గడ్డిని చేతికర్రతో తట్టి చూపించాడు.

"ఏరా హైబత్, దీనికి జడ వేసి పెళ్ళి చేస్తావా?"

జనం నవ్వారు.

లెక్కపెట్టేది నీరటి ఇస్ఫందియార్. ఊరికి నీళ్ళు పంచేది అతనే కాబట్టి ఎవరి వైపూ మొగ్గడని పేరు. పద్ధతి తాతలనాటిది. మడికి వీపు పెట్టి తన ఉన్ని టోపీని వెనక్కి విసిరాడు. అది పడిన చోట చేతులు చాచినంత మేర తెల్లకంకులన్నీ లాగాడు. పురుగు కొరికిన కంకి లాగితే చాలు, ఊడి వస్తుంది. ఒక్కో మడికి ఐదు విసుర్లు.

గులందామ్ మడిలో మొదటి విసురుకే ఏడు కంకులు.

"అప్పుడే ఏడు," అన్నాడు నౌరూజ్. "ఇంకా నాలుగున్నాయి."

గులందామ్ తలగుడ్డ కొస నోట్లో పెట్టుకొని కొరికింది. హైబత్ తన కాళ్ళ వేళ్ళను చూసుకుంటున్నాడు. రెండో విసురుకు ఏమీ లేవు. మూడో దానికి ఒకటి. నాలుగుకు ఏమీ లేవు. ఐదుకు ఒకటి. ఇస్ఫందియార్ తొమ్మిదింటినీ గడ్డిపరకతో కట్టి ఆమె చేతికిచ్చాడు.

నౌరూజ్ మడి గట్టు అద్దంలా మెరుస్తోంది. ఆ మడికి రెండుసార్లు పొడిమందు కూడా పడింది. మొదటి విసురుకు పద్నాలుగు కంకులు.

"టోపీ చెడ్డ చోట పడింది," అన్నాడు నౌరూజ్.

రెండో దానికి పదకొండు.

"నీ టోపీకి నా మీద కక్ష ఉంది బాబాయ్."

"అయితే నీదే విసురు," అన్నాడు ఇస్ఫందియార్.

నౌరూజ్ తన టోపీ తీసి, తనకు బాగున్న చోటేదో ముందే చూసుకొని మరీ విసిరాడు. పంతొమ్మిది.

ఈసారి ఎవరూ నవ్వు ఆపుకోలేదు. మిగతా రెండు విసుర్లు వద్దని నౌరూజే అన్నాడు. ఇస్ఫందియార్ ఒప్పుకోలేదు, న్యాయం న్యాయమేనన్నాడు. మొత్తం అరవై ఒకటి. ఆ కంకుల కట్టను నౌరూజ్ రెండు చేతులా పట్టుకోవలసి వచ్చింది.

"రెండుసార్లు మందు కొట్టాను కదరా," అన్నాడు హైబత్‌తో, నీరసంగా.

"పురుగు కాండంలో తలుపేసుకొని కూర్చుంటుంది మష్తీ. మందు పడింది సాలీళ్ళ నెత్తిన." ఆ కోతకాలం మొత్తంలో హైబత్ ఒకేసారి మాట్లాడిన పెద్ద మాట అదే.

నౌరూజ్ వెళ్ళబోతుంటే గులందామ్ పిలిచింది.

"మష్తీ, మీ గట్టు బాగా నున్నగా ఉంది. జారిపడతారేమో, చూసి నడవండి."

మూడేళ్ళు ఆమెను అన్న ఆడవాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వారు. ఆ నవ్వుతోనే కొడవళ్ళు పట్టుకొని ఆమె మడిలోకి దిగారు. మధ్యాహ్నానికి కోత అయిపోయింది. హైబత్ ఎప్పటిలాగే అందరికంటే చివర, గట్టు పక్క వరసలో కోశాడు. అన్నం ముద్ద తిన్నాడు. శభాష్ అని వీపు తట్టినవాళ్ళకు తల ఊపాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

పొద్దు వాలుతుండగా నౌరూజ్ మళ్ళీ వచ్చాడు, ఒంటరిగా. పది రోజుల కిందట కోసిన అతని ఇంకో మడిలో, పై మడిలో, మోళ్ళు ఎండి ఉన్నాయి. కోత అయిన మడికి నిప్పు పెట్టడం ఆ ఊరి ఆనవాయితీ. అతను తన బోడి గట్టు మీద కూర్చొని జేబు తడుముకున్నాడు. తరువాత పక్కనే కొడవలి తుడుచుకుంటున్న హైబత్ వైపు, కింది మడి వైపు చూశాడు.

కింద గులందామ్ మడిలో కోసిన మోళ్ళ మీదుగా సాలీళ్ళు పోతున్నాయి. ఏటవాలు ఎండలో దారాలు మెరుస్తున్నాయి. వందలు, వేలు. అన్నీ గడ్డి ఉన్న గట్టు వైపే. కొన్నింటి వీపున పిల్లలు.

"ఎక్కడికిరా ఇవి?" అన్నాడు నౌరూజ్.

"ఇంటికి," అన్నాడు హైబత్.

"నా మడిలోవో?"

హైబత్ అతను కూర్చున్న గట్టును అటూ ఇటూ చూశాడు. "ఇల్లేదీ మష్తీ?"

నౌరూజ్ మోకాళ్ళు పట్టుకొని లేచాడు. ఆ సాయంత్రం పై మడిలో పొగ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే హైబత్ పార, తట్ట తీసుకొని గులందామ్ గట్టు దగ్గరకు వెళ్ళాడు. ఆమెకు చెప్పి పన్నెండు చోట్ల గడ్డిని మట్టిపెళ్ళతో సహా, గూళ్ళు చెదరకుండా పెకలించాడు. నలభై ఏళ్ళుగా తను నున్నగా రుద్దిన నౌరూజ్ గట్టు మీద బారెడుకొకటి చొప్పున గుంటలు తీశాడు. పెళ్ళలు పాతి పాదంతో అదిమాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. చివరి పెళ్ళ పాతిన చోట, నిన్న నౌరూజ్ కూర్చున్న దగ్గర, మంచుకు తడిసి ఉబ్బిన అగ్గిపెట్టె, ఒక్క పుల్లా గీయకుండా, గట్టు మీద అలాగే ఉంది.