నలభై మూడు చీటీలు

ఉమామహేశ్వరక్క కుడిచెయ్యి లేవలేదు. ఎత్తబోయిన అట్టపెట్టె జారిపడి, లోపలి షాంపూ సీసాలు పగిలి, నేలంతా జిడ్డు పారింది. ఆ గోడౌన్‌లో నేను పక్క లైన్‌లోనే ఉన్నాను. కళ్లారా చూసింది చెబుతున్నాను, ఎవరో చెప్పగా విన్నది కాదు.

సూపర్‌వైజర్ బ్రాడ్ పరుగున వచ్చాడు. ముందు సీసాలు చూశాడు. ఆ తర్వాత తీరిగ్గా, భుజం పట్టుకుని నిలబడ్డ మనిషిని చూశాడు. "రికవరీ రూమ్‌కి వెళ్లు. టేప్ వేయించుకుని పది నిమిషాల్లో రా" అన్నాడు ఇంగ్లీషులో. అక్కకు ఇంగ్లీషు రాదు గానీ 'టేప్' అన్న మాట తెలుసు. ఆరు వారాలుగా ఆమెకు జరుగుతున్న వైద్యం అదొక్కటే.

పది నిమిషాలకు భుజం చుట్టూ నీలం టేపుతో తిరిగొచ్చింది. మధ్యాహ్నం మూడున్నర దాకా ఎడమచేత్తో పెట్టెలు లాగింది. పెదవి కొరుక్కుంది తప్ప మూలగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం, నేనూ నా లైన్ వదలకుండా పెట్టెలు సర్దుతూనే ఉన్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అమెరికా అంటే కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లే అనుకునే కుర్రకారు కోసం చెబుతున్నాను, వినండి. ఇది రెండు వేల పదమూడు మాట. ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ల నుంచి తెల్లారి ఐదుంపావుకి ఒక వ్యాన్ బయల్దేరేది. అందులో పదకొండు మంది తెలుగువాళ్లం, అందరం యాభై దాటినవాళ్లం, పిల్లలు గ్రీన్‌కార్డు చేయిస్తే వచ్చినవాళ్లం. నా పేరు జ్ఞానప్రసూన. తెనాలి దగ్గర పద్దెనిమిదేళ్లు అంగన్‌వాడీ టీచర్ని. సమ్మెలో కలెక్టరాఫీసు ముందు ఇరవై రోజులు టెంట్ కింద కూర్చున్నదాన్ని. అలాంటిదాన్ని ఇక్కడికొచ్చి నోరు కుట్టేసుకున్నాను.

గోడౌన్ కాంట్రాక్టర్ మహా తెలివైనవాడు. మమ్మల్ని కూలీలని ఎన్నడూ అనలేదు. 'ఇండస్ట్రియల్ అథ్లెట్లు' అన్నాడు. ఆ మాట రాసిన టీషర్టులు ఇచ్చాడు. పొద్దున్నే గుండ్రంగా నిలబెట్టి ఒళ్లు విరిపించే కసరత్తు చేయించాడు. మేం మురిసిపోయాం! యాభై ఆరేళ్లకి క్రీడాకారిణినయ్యానని నేను ఫొటో దిగి తెనాలి పంపించాను. బ్యాంకులో మేనేజరుగా రిటైరైన లక్ష్మీపతిగారైతే తాను 'లాజిస్టిక్స్'లో ఉన్నానని చుట్టాలందరికీ చెప్పుకున్నారు. పెట్టెలు మోస్తున్నానని కన్నకొడుక్కి కూడా చెప్పలేదు.

అథ్లెట్లు అన్నాక చూసుకోవడానికి మనిషి కావాలిగా. అలా వచ్చింది రచన. దగ్గరి ఊరు ఎడిసన్‌లో పుట్టిన తెలుగుపిల్ల, ఇరవయ్యారేళ్లది, లైసెన్సున్న అథ్లెటిక్ ట్రెయినర్. ఆటల్లో కాలు మడతపడ్డా, భుజం జారినా మైదానంలోనే చూసి కట్టు కట్టేవాళ్లు వాళ్లు. దానికి చదువుంది, పరీక్షుంది. హైస్కూల్లో ఫుట్‌బాల్ పిల్లల్ని చూసుకునే అమ్మాయిని తెచ్చి మా గోడౌన్‌లో పెట్టారు.

మేం చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఒంటిమీద చెయ్యేసి, నొప్పెక్కడని అడిగి, కట్టు కట్టే మనిషి మా లెక్కలో డాక్టరే. మొదటి రోజే ఉమక్క "డాక్టరమ్మా" అని పిలిచింది. పిల్ల నవ్వి ఊరుకుంది. అంతే, అందరికీ డాక్టరమ్మ అయిపోయింది. గోంగూర పచ్చడి సీసాలు ఆమె ఉండే రికవరీ రూమ్‌కి చేరాయి. డాక్టరమ్మ చూసిందిగా, మళ్లీ ఇంకో డాక్టరెందుకని నొప్పుల్ని ఇళ్లలో దాచుకున్నాం.

ఆ సాయంత్రం వ్యాన్ ఎక్కకుండా రచన కారు దగ్గర నిలబడ్డాను.

"ఏమ్మా, అక్క చెయ్యి ఆరు వారాలైనా లేవదేం? నిజం చెప్పు."

"ఆంటీ, ఐ థింక్... లోపల టెండన్, మజిల్‌ని బోన్‌కి పట్టే తాడు, చిరిగింది. ఎమ్మారై కావాలి. డాక్టర్ చూడాలి."

"నువ్వు డాక్టర్వేగా?"

పిల్ల ముఖం పాలిపోయింది. "నో ఆంటీ. నేను డాక్టర్ కాదు. మీరు అలా పిలిస్తే నాకు బాగుండేది. మా అమ్మమ్మకి నేను మెడిసిన్ చేయాలని ఉండేది. నాకు సీట్ రాలేదు. సో, నేను కరెక్ట్ చేయలేదు."

చెంప పగలగొట్టాలనిపించింది. మరుక్షణం ఆ పిల్ల కారుకి ఆనుకుని ఏడుస్తుంటే చెయ్యి రాలేదు. అప్పుడు చెప్పింది, డాక్టర్‌కి పంపాలని మూడుసార్లు కంప్యూటర్‌లో రాసిందట. మూడుసార్లూ తెల్లారేసరికి ఆ ముక్క మాయమైందట. కంపెనీ పంపితేనే కంపెనీ డాక్టర్ చూస్తాడు. పంపితే అది గాయం కింద రికార్డుకెక్కుతుంది, కంపెనీకి ఖర్చు పడుతుంది. టేపుతో సరిపెడితే గాయమే లేదు! అడిగితే బ్రాడ్, "అథ్లెట్లు నొప్పిలో ఆడతారు, ఆడించు" అన్నాడట.

ఆదివారం పొద్దున అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌లో మీటింగ్ పెట్టాం. డ్రయ్యర్లు గిరగిర తిరుగుతుంటే వాటి చప్పుడులోనే మాట్లాడుకున్నాం. మా పదకొండు మందే కాదు, గోడౌన్‌లో పనిచేసే గుజరాతీ అక్కలు, బెన్‌లంటాం, వాళ్లూ వచ్చారు. ప్యాకింగ్‌లో పనిచేసే మెక్సికో ఆవిడ రోసా తన వాళ్లను తీసుకొచ్చింది. రచన తలుపు దగ్గర నిలబడింది. చెప్పాల్సింది తానే చెప్పింది, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి.

ఉమక్క లేచింది. "ఆర్వారాలు నిన్ను నమ్మిన బిడ్డా. ఎక్సర్‌సైజ్ చెయ్యమంటే చేసిన. గుంజమంటే గుంజిన. నువ్వు డాక్టర్‌వి కాదని ఒక్క మాట చెప్తే నా చెయ్యి నాకుండేది గద!"

"సారీ ఆంటీ."

"నీ సారీతోని జడ ఏసుకోవస్తదా నాకు?"

లక్ష్మీపతిగారు గొంతు సవరించుకున్నారు. "తప్పు అమ్మాయిదే అని తేలిపోయిందిగా. కంప్లెయింట్ ఇచ్చేద్దాం, ఉద్యోగం పోతుంది. మనకెందుకండీ కంపెనీతో గొడవ? గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లం."

"ఈ పిల్ల పోతే రేపు ఇంకో పిల్లని తెస్తారు. వాళ్లకి కావలసింది టేపు వేసే చేతులండీ, అవి ఎవరివైతేనేం?" అన్నాను. ఎన్నేళ్లకో నా గొంతు నాకు వినిపించింది. "రచనా, అసలు చట్టం నిన్నేం చెయ్యమంటోంది? అది చదువు ముందు."

ఫోన్‌లో చూసి చదివింది, ఒక్కో మాటకి తెలుగు వెతుక్కుంటూ. అథ్లెట్ అంటే స్కూలు, కాలేజీ, టీమ్ తరఫున పోటీల్లో ఆడేవాడు. వాళ్లకైతే, డాక్టర్ ఒప్పుకున్న పద్ధతిలో, ట్రెయినర్ వైద్యం చెయ్యొచ్చు. మిగతావాళ్లకి ప్రథమ చికిత్స వరకే. ఆపైన ఏముందనిపించినా డాక్టర్‌కి పంపాలి.

"పంపొచ్చా, పంపాలా?" రోసా ఇంగ్లీషులో అడిగింది.

"పంపాలి. మస్ట్."

"అయితే కాగితం మీద రాయి. కంప్యూటర్‌లో అయితే వాళ్లు చెరుపుతారు. కాగితం నా జేబులో ఉంటుంది" అంది రోసా.

డ్రయ్యర్ ఒకటి ఆగింది. ఒక్కసారిగా అందరూ మాట్లాడడం మొదలుపెట్టారు. నడుమని ఒకరు, మణికట్టని ఒకరు. నేను గట్టిగా చెప్పాను, లేని నొప్పి ఒక్కరూ చెప్పకూడదని. ఉన్నవే మనకి చాలినన్ని ఉన్నాయి. అప్పుడు లక్ష్మీపతిగారు మెల్లగా వంగి ప్యాంటు పైకి మడిచారు. మోకాలు బొప్పాయంత వాచి ఉంది. ఆయన ఎవరి ముఖమూ చూడలేదు.

"రాస్తే మీ జాబ్ రిస్క్," అంది రచన. "నాది కూడా. ఇన్నాళ్లు చేసింది బయటికొస్తే నా లైసెన్స్ పోవచ్చు."

"పోతే పోనియ్. నా చెయ్యి పోలె?" అంది ఉమక్క.

సోమవారం పొద్దున కసరత్తు అయింది. ఎవరమూ లైన్ల మీదికి వెళ్లలేదు. నేరుగా రికవరీ రూమ్ ముందు వరుస కట్టాం. కన్వేయర్ ఖాళీగా తిరుగుతోంది. ఉమక్క మొదట, చివర లక్ష్మీపతిగారు. రచన ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చూసి, కార్బన్ పెట్టి రెండు చీటీలు రాసింది. ఒకటి ఫైల్‌కి, ఒకటి మా చేతికి. 'డాక్టర్‌కి పంపవలెను.' టేపు చుట్ట ముట్టుకోలేదు.

బ్రాడ్ ఎర్రబడిపోయాడు. "ఏంటిది? టేప్ వేసి పంపించు!"

"నా లైసెన్స్ ఇంతవరకే చెయ్యమంటోంది," అంది పిల్ల తల ఎత్తకుండా.

గంటలో కాంట్రాక్టర్ మనిషి దిగాడు. మాతో ఇంత మెత్తగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. చట్టంలో అథ్లెట్ అన్న మాటకి మీరూ వస్తారు, మా లాయర్లు చూశారు, ఇక్కడ డాక్టర్లతో పనే లేదు, వెళ్లండి అన్నాడు. రచన అది తెలుగులో చెప్పింది.

"నేను ఏ ఆట ఆడిన్నో చెప్పుమను," అంది ఉమక్క. "ఏ టీమ్‌ల ఉన్ననో, ఎవరి మీద గెల్చిన్నో చెప్పుమను!"

వరుసంతా గొల్లున నవ్వింది. మాట అటు చివర స్పానిష్‌లోకి చేరేసరికి అక్కడా నవ్వు లేచింది. కాంట్రాక్టర్ మనిషి నవ్వలేదు. సరే, ఈవిడని ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పంపుతాను, మిగతావాళ్లు పనిలోకి వెళ్లండి అన్నాడు. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో ఆశ ఉంది, భయం ఉంది, మమ్మల్ని వదిలి వెళ్లాలన్న తడబాటుంది.

"పో అక్కా. ముందు చెయ్యి దక్కించుకో. మేం ఇక్కడే ఉంటాం" అన్నాను.

ఆమె కారెక్కింది. వరుస మాత్రం కదల్లేదు.

అప్పుడే రచన ఉద్యోగం పీకేశానని కాంట్రాక్టర్ మనిషి అరిచాడు. ఇంకా ఐదుగురు మిగిలారు. పిల్ల రాస్తూనే ఉంది. బయటికి వెళ్లమన్నా వెళ్లలేదని పోలీసుల్ని పిలిచాడు. వాళ్లొచ్చేసరికి లక్ష్మీపతిగారు కుర్చీలో ఉన్నారు. ఆయన మోకాలు చూసి, నలభై మూడో చీటీ రాసి, ఆయన చేతిలో పెట్టి, అప్పుడు లేచింది. చేతులకి సంకెళ్లు వేశారు. గోడౌన్ మనుషులందరం గేటు దాకా వెనకే నడిచాం. రోసా ఏదో పాట ఎత్తుకుంది. మాకు అర్థం కాకపోయినా చప్పట్లు కలిపాం.

ఆ రాత్రికి పిల్లని వదిలేశారు గానీ, మిగతా కబుర్లేవీ మంచివి కావు. అక్క భుజంలో టెండన్ పూర్తిగా తెగిందన్నారు డాక్టర్లు. వెంటనే వచ్చి ఉంటే కుట్టేవాళ్లమని, ఇప్పుడు ఆపరేషన్ చేసినా చెయ్యి ఛాతీ ఎత్తు దాటదని చెప్పారు. గురువారానికి వరుసలో నిలబడ్డవాళ్లలో పదకొండు మందిని రేపటి నుంచి రావద్దన్నారు. నేనూ అందులో ఉన్నాను.

అన్నిటికంటే దుర్మార్గం చెబుతాను వినండి. కాంట్రాక్టర్ రచన మీద లైసెన్సు బోర్డుకి ఫిర్యాదు చేశాడు. ఏమని? అథ్లెట్లు కాని కూలీలకి వైద్యం చేసి చట్టం గీత దాటిందని! నిన్నటి దాకా మేం అథ్లెట్లం. వాడికి అవసరం తీరగానే కూలీలమైపోయాం.

"చేసింది తప్పే ఆంటీ," అంది రచన. "ఆ సిక్స్ వీక్స్ నిజం. నేను ఒప్పుకుంటాను. లైసెన్స్ పోయినా ఓకే. కానీ ఎవరు చేయించారో కూడా రాయించాలి."

లైసెన్సు బోర్డు విచారణ రోజు నాలుగు వ్యాన్లలో నలభై ముగ్గురం వెళ్లాం. ఉద్యోగం పోయినవాళ్లూ, ఇంకా ఉన్నవాళ్లూ సెలవు పెట్టుకుని వచ్చారు. ఎవరి చీటీ వాళ్ల జేబులో ఉంది. అక్క చెయ్యి మెడకి వేలాడే పట్టీలో ఉంది. హాల్లో మా పిల్లలు కూడా కొందరు వచ్చి కూర్చున్నారు, లక్ష్మీపతిగారి అబ్బాయి శశికాంత్‌తో సహా. తండ్రి ఎందుకొచ్చాడో అతనికింకా తెలియదు.

కాంట్రాక్టర్ లాయరు ముప్పావుగంట మాట్లాడాడు. తర్వాత బోర్డు ఛైర్మన్ మా వైపు చూసి, సమయం తక్కువగా ఉంది, మీ తరఫున ఒకరిద్దరు మాట్లాడితే చాలన్నారు. నేను లేవబోయాను. అంతలో లక్ష్మీపతిగారు మోకాలు పట్టుకుని లేచి, కుంటుకుంటూ మైకు దగ్గరికి వెళ్లారు. కొడుకు వైపు ఒకసారి చూశారు. బ్యాంకు మేనేజరు ఇంగ్లీషులో, మాట తడబడకుండా మొదలుపెట్టారు.

"నా పేరు లక్ష్మీపతి. నేను అథ్లెట్‌ని కాదు. గోడౌన్‌లో పెట్టెలు మోసే కూలీని. గాయపడిన కూలీని."

మా వెనక ఎవరో వెక్కారు. మేం నలభై ఇద్దరం చీటీలు చేతపట్టుకుని లేచి ఆయన వెనక వరుసలో నిలబడ్డాం.