వద్దన్న ఊరు

వంకాయ కూర తినాలని మనసైన రోజున సైదాబీ, "వంకాయలు తిని తిని నోరు చచ్చిపోయింది అత్తా" అనేది. ఆ పూట తప్పకుండా వంకాయ కూరే. కోసేదీ వండేదీ వడ్డించేదీ సైదాబీయే అయినా, ఏం వండాలో చెప్పే హక్కు అత్త బీబీది. ఆ సంగతి కోడలికి గుర్తు చేయడానికి బీబీకి అంతకన్నా మంచి సందు ఎక్కడ దొరుకుతుంది? పీర్ల పండక్కి ఆకుపచ్చ చీర మీద మనసు పడితే, ఆ రంగు కడితే నేను మరీ నల్లగా కనపడతానని మొగుడి ముందు మూతి ముడిచింది. ఉస్మాన్ ఆకుపచ్చే తెచ్చాడు. కావాల్సినదాన్ని వద్దని, వద్దనుకున్నదాన్ని కావాలని చెప్పడం ఈ ఇంట్లో ఆమెకు దబ్బనం పట్టినంత అలవాటైపోయింది.

ఈ విద్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె నోరు తెరిచే అడిగింది. వాళ్ళు దూదేకులవాళ్ళు. మామ జాన్ సాహెబ్, మొగుడు ఉస్మాన్ విల్లు పట్టి దూది ఏకుతారు. ఏకిన దూదిని పరుపు గుడ్డలో కూరి, మూలలు సర్ది, దబ్బనంతో టాకాలు వేసేది సైదాబీ. కిటికీ పక్కన వెలుతురుంటుంది, అక్కడ కూర్చుని కుట్టుకుంటా మామా అంది. మర్నాటికల్లా కిటికీకి అడ్డంగా పత్తి బోరేలు పేర్చేశాడు జాన్ సాహెబ్. "కోడలు కావాలందంటే అందులో ఏదో మతలబు ఉంటది" అని ఆమె వింటుండగానే కొడుకుతో అన్నాడు. వీధిలోకి చూడటానికే ఆ కిటికీ అడిగిందని ఆయన అనుమానం. ఆ చీకట్లో కూర్చుని ఆమె కుట్టిన పరుపుల్ని ఊరంతా ఉస్మాన్ పరుపులంటారు. ఒకసారి దబ్బనం అరచేతిలోకి దిగితే ఉస్మాన్ పరుగెత్తుకుంటూ వచ్చి, గుడ్డకు రక్తం అంటుకుంటుంది, చెయ్యి అవతల పెట్టమన్నాడు. ఆ మాట ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

అప్పట్నుంచి తిరగేసి మాట్లాడటం మొదలుపెట్టింది. తన తెలివికి లోలోపల మురిసిపోయేది కూడా. వీళ్ళందర్నీ వీళ్ళకు తెలియకుండానే ఆడిస్తున్నానని అనుకునేది. ఇన్నేళ్ళూ ఆ తెలివితో గెలిచింది వంకాయలూ ఒక చీరానేనని ఎప్పుడూ తీరిగ్గా ఆలోచించలేదు.

తాలూకాలు పోయి మండలాలొచ్చిన మరుసటి ఎండాకాలంలో ఊరు మారే మాట ఇంట్లోకొచ్చింది. గురజాలకి అవతల వాళ్ళది చిన్న ఊరు. పరుపు కొట్టించుకునేవాళ్ళు తగ్గారు. ఉస్మాన్ రోజూ సత్తెనపల్లి జపం చేసేవాడు. గుంటూరికి దగ్గర, గంట గంటకీ బస్సులు, పొలాలన్నీ ప్లాట్లవుతున్నాయి, కొత్త కాలనీలో లేచిన ప్రతి ఇంట్లోకీ మంచం వస్తుంది, మంచానికి పరుపు కావాలి. అక్కడ దూదేకే మిషను పెట్టుకుంటే విల్లు పట్టే బాధ తప్పుతుందన్నాడు. టాకాలు వేసే బాధ గురించి ఏమీ అనలేదు. దానికి మిషను లేదు కదా, సైదాబీయే ఉంది.

సైదాబీకి మాత్రం మిషనూ ప్లాట్లూ ఏవీ పట్టలేదు. ఆమెకు కూతురు సాబిరా ఒక్కతే కనపడుతోంది. సాబిరా ఏడో తరగతి పాసైంది. ఊళ్ళో బడి అక్కడితో సరి. ఆ పైన గురజాల పోవాలి. ఎదిగిన పిల్లని రోజూ బస్సులెక్కిస్తామా అని బీబీ ముందే తేల్చేసింది. చెయ్యి తిరిగిన పిల్ల, మూలలు అప్పుడే అమ్మకన్నా బాగా కుడుతోందని వచ్చిపోయేవాళ్ళ దగ్గర మెచ్చుకోవడం కూడా మొదలుపెట్టింది. ఆ మెచ్చుకోలు వింటే సైదాబీకి భయమేసేది. తననూ ఇలాగే మెచ్చుకున్నారు మొదట్లో. సెలవులు అయిపోయేలోగా ఏదో ఒకటి జరగకపోతే పిల్ల ఈ బోరేల చీకట్లో, ఈ దూది నుసిలో తన పక్కనే కూర్చుంటుంది, ఇంక లేవదు.

ఒక శుక్రవారం కాని రోజు చూసుకుని అందరూ సత్తెనపల్లి చూడ్డానికి బయల్దేరారు. సాబిరాను ఇంటికి కాపలా పెట్టారు. సైదాబీని తీసుకెళ్ళింది ఊరు చూపించడానికి కాదు. జాన్ సాహెబ్ హోటల్లో తినడు, అన్నం గిన్నెలు మోయడానికి ఒకరుండాలి. బస్సు దిగిన దగ్గర్నుంచీ మామా మొగుడూ ముందు నడిచారు. మసీదు ఎంత దూరమో చూశారు, రోడ్డు మీద లారీ తిరుగుతుందా అని చూశారు, మిషనుకు సరిపడా కరెంటు వస్తుందా అని ఎవరినో నిలబెట్టి అడిగారు. బీబీ ఆ పక్కా ఈ పక్కా ఇళ్ళలో ఎవరుంటారో ఆరా తీసింది. ఇల్లంటే వాళ్ళకు అంతే. నీళ్ళెక్కడివి, పొగ ఎటు పోతుంది, ఆడది కడుపునొప్పొస్తే ఎక్కడికి వెళ్తుంది, ఇలాంటివి అడగాలని ఎవరికీ తోచలేదు. సైదాబీ అడగలేదు, అడిగితే మతలబు అవుతుంది.

అద్దెకు చూసిన ఇల్లుగలావిడ పేరు మేరీ. ఆడపిల్లల హైస్కూల్లో ఆయాగా చేస్తుంది. మగవాళ్ళు గదులు కొలుచుకుంటుంటే ఆమే సైదాబీని దొడ్లోకి పిలిచింది. గోడవారన కుళాయి తిప్పి చూపించింది. తర్వాత ఒక చిన్న గదికి తలుపు తీసి, ఇది మీ వాటాదే అంది. సైదాబీ లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. అవసరమేమీ లేదు, ఊరికే. ఊళ్ళో చీకటితో లేచి చిల్లచెట్ల చాటుకు పోవడం, ఎవరన్నా సైకిలు బెల్లు కొడితే లేచి నిలబడటం, తాటాకు దడి వెనక చీర అడ్డం కట్టుకుని కంగారుగా నాలుగు చెంబులు పోసుకోవడం, ఇవి తప్ప ఆమెకేమీ తెలియదు. లోపలి వైపు గడియ ఉన్న తలుపు ఆమె జీవితంలో అదే మొదటిది. ఎంతసేపు నిలబడిందో గాని, బీబీ పిలిచేదాకా బయటికి రాలేదు. కళ్ళలో నీళ్ళెందుకు తిరిగాయో ఎవరన్నా అడిగితే చెప్పలేకపోయేది.

మెట్ల మీంచి చూస్తే బడి కనపడింది. సెలవులే అయినా పదో తరగతి పిల్లలకేదో పరీక్షంట, రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకున్న ఆడపిల్లలు గుంపుగా బయటికొస్తున్నారు. మేరీ పక్కన నిలబడి, "మీ పాప ఏడు పాసైందన్నావుగా చెల్లెమ్మా. బళ్ళు తెరవంగానే టీసీ పట్టుకొచ్చేయి. నేను తీసుకెళ్ళి కూర్చోబెడతా" అంది. అంత పెద్ద సంగతి అంత మామూలుగా చెప్పేసింది ఆవిడ. సైదాబీ ఆ ఊరి దుమ్మునూ, ఎండనూ, పక్కన లేస్తున్న ఇళ్ళ ఇటికల కుప్పల్నీ కూడా ప్రేమించేసింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక ఉస్మాన్, ఇల్లు బాగుంది, వచ్చే నెల్లో మారదామన్నాడు. జాన్ సాహెబ్ కు వెళ్ళడం ఇష్టం లేదు. ఈ ఊళ్ళో ఎదురైన ప్రతివాడూ సాహెబూ అని పలకరిస్తాడు, అక్కడ ఆయనెవరో ఎవరికీ తెలియదు. ఆ మాట కొడుకు ముందు ఒప్పుకోవడానికి నామోషీ. ఆయన చూపు ఇల్లంతా తిరిగి తిరిగి పొయ్యి దగ్గరున్న కోడలి మీద ఆగింది.

"ఏమ్మా, నువ్వేమంటావు?" అన్నాడు.

సైదాబీ చేతిలో గరిట ఆగిపోయింది. ఈ ఇంట్లోకి వచ్చాక ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఎన్నోసార్లు అనుకుంది గాని, అడుగుతారని మాత్రం అనుకోలేదు. బాగుందని చెబుతానా? చెబితే కిటికీ మూసుకుపోయినట్టు ఆ ఊరూ మూసుకుపోతుంది. కోడలికి అంత మోజెందుకు, మనల్ని ఒంటరిగా లాక్కుపోయి పెత్తనం చేయడానికా అంటారు. బీబీ అప్పుడే తల తిప్పి చూస్తోంది. తెలిసిన దారి ఒక్కటే ఉంది. ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా తప్పిపోని దారి. మొహం మాడ్చుకుని, "నాకేం నచ్చలా మామా. కుళాయి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి. ఇళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి. మనం ఉండలేం" అంది.

జాన్ సాహెబ్ మొహం వెలిగిపోయింది.

"విన్నావురా? పొద్దస్తమానం ఇంట్లో ఉండాల్సిన మనిషి తను. తనే ఉండలేనంటంటే ఇంకెందుకు? ఆడకూతురు ఉసురు పోసుకుని ఊరు మారే ఖర్మ మనకొద్దు" అన్నాడు.

అంతే, అయిపోయింది. ఆమె మాటకు ఈ ఇంట్లో విలువ దొరికింది, అబద్ధం చెప్పిన రోజున. ఉస్మాన్ కంచం తోసేసి లేచాడు. నీ మూలాన నా బతుకు ఈ పల్లెలోనే తెల్లారిపోయిందే అన్నాడు వాకిట్లోంచి. అబద్ధమని చెబుదామని నోరు తెరిచింది. తండ్రిని ఎదిరించలేక అతను తన మీద పడుతున్నాడని అప్పుడే అర్థమై, ఊరుకుంది.

తర్వాత వారమంతా ఆమెకు నరకమే. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమెకు దారిచ్చారు. కోడలికి నచ్చలేదని ఊరే మానుకున్నారంట, ఎంత అదృష్టమో, మా ఇంట్లో అయితేనా అని నిట్టూర్చారు. ఉస్మాన్ అన్నం బాగాలేదన్నా, పరుపు వంకరొచ్చిందన్నా చివరికి ఆ మాటే తెచ్చేవాడు, నీ కోసమే కదా ఆగిపోయామని. ఆమె చేసే చాకిరీకి ఎప్పుడూ ఆమె పేరు పెట్టలేదు వాళ్ళు. మగవాళ్ళ పిరికితనానికి మాత్రం ఆమె పేరు పెట్టారు. వంకాయ కూర వండిన పొద్దున ఒక ముద్ద తిని కంచం పక్కకు పెట్టేసింది. ఎవర్ని మోసం చేశానని మురిసింది ఇన్నాళ్ళూ? ఏం కావాలో వాళ్ళకు తెలియకుండా దాచి దాచి, చివరికి తన కోరిక ఏమిటో ఎవరికీ తెలియని మనిషైపోయింది. ఇప్పుడు నిజం చెప్పినా అది తన గొంతులా వినపడదేమోనని భయం వేసింది.

ఆ మధ్యాహ్నం పాత పరుపు ఏకించుకోవడానికి పిచ్చియ్య అనే రైతు వచ్చాడు. వసారాలో జాన్ సాహెబ్ పక్కన మంచం మీద కూర్చుని, కోడలి మాట విన్నావంటగా సాహెబూ, ఈ రోజుల్లో ఎవరు వింటారయ్యా అని పొగిడాడు. ఇంట్లో ఆడది కాదన్నాక ఇంకేముంది పిచ్చియ్యా అని జాన్ సాహెబ్ మీసం సవరించుకున్నాడు. ఉస్మాన్ విల్లు బిగిస్తూ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

లోపల సాబిరా కొత్త పరుపు ముందు కూర్చుని ఉంది. బీబీ ఆ పిల్ల చేతికి పెద్ద దబ్బనం ఇచ్చి, ఇంక టాకాలు కూడా నువ్వే వెయ్యి అంది. సైదాబీ కూతురి పక్కన కూలబడి, నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియకుండానే, "బడికి పోవాలని లేదా నీకు?" అని అడిగింది.

సాబిరా తల్లి వైపు చూడలేదు. నానమ్మ ఎక్కడుందో ఓరగా చూసుకుని, ఆమెకు వినపడేంత గొంతుతో, "నాకు బడంటే ఇష్టం లేదమ్మా. దబ్బనం పనే బాగుంది. ఇంట్లోనే ఉంటా" అని మూతి ముడిచింది.

ఆ మూతి ముడవడం సైదాబీదే. ఆ గొంతు వంకాయలు వద్దన్న గొంతే. ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు, పొయ్యి దగ్గర చూసి నేర్చుకుంది. బీబీ తృప్తిగా తలూపింది, పిల్ల కళ్ళలో ఆశ ఒక్కసారి మెరిసి, నానమ్మ కాదనలేదని చూసి ఆరిపోయింది. ఎవరో దవడ మీద కొట్టినట్టయింది సైదాబీకి. పొలం, ఇల్లు, బంగారం ఏమీ లేని తాను కూతురికి ఇచ్చిన ఆస్తి ఇదన్నమాట.

సాబిరా చేతిలోంచి దబ్బనం తీసుకుని పరుపులో గుచ్చింది. పిల్ల మణికట్టు పట్టుకుని వసారాలోకి నడిచింది. పరాయి మగాడి ముందుకు కోడలు రావడం చూసి జాన్ సాహెబ్ కనుబొమలు ముడిచాడు. ఆమె ఆగకుండా వచ్చి మంచానికెదురుగా నిలబడింది.

"మామా, ఆరోజు నేను చెప్పింది అబద్ధం. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఆ ఊరు నాకు నచ్చింది. నాకు ఆ ఇల్లు కావాలి, నా బిడ్డకు ఆ బడి కావాలి."

పిచ్చియ్య కండువా దులుపుకున్నాడు. మాట మారుస్తున్నావేందమ్మా, ఇందులో ఏది నమ్మాలి అన్నాడు జాన్ సాహెబ్ మెల్లగా, నవ్వబోయి. మీ నమ్మకంతో నాకు పని లేదు మామా, బళ్ళు తెరిచేసరికి నేనూ బిడ్డా అక్కడుంటాం, మీరొస్తే మీక్కూడా వండుతా అంది సైదాబీ. టాకాలు వేసే చేతులు నావి, నా వెంటే వస్తాయి అని ఉస్మాన్ వైపు చూసి అంది. బీబీ లోపల్నుంచి ఏదో శాపనార్థం మొదలుపెట్టింది.

సైదాబీ వినిపించుకోలేదు. కూతురిని తన ముందుకు తెచ్చుకుని, అందరి ఎదుటా, "నువ్వు చెప్పవే. నాలాగా తిరగేసి చెప్పకు. నీకేం కావాలి?" అని అడిగింది.

సాబిరా తాత వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. అలవాటుగా మూతి ముడవబోయింది. తల్లి చెయ్యి మణికట్టు మీద ఇంకా గట్టిగానే ఉంది.

"బడికి పోతా" అంది సాబిరా.