రైలు కాపు

పొద్దున్నే టీకొట్టు తెరిచి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఖుర్షిదా ఫోను పట్టుకుని కంచె దగ్గరికి వెళ్తుంది. ఊచల మధ్య నుంచి చెయ్యి దూర్చి, లోపలున్న రైలుకు ఒక ఫోటో తీస్తుంది. ఊచ అడ్డం పడకుండా ఎలా తియ్యాలో నల్లపాడు మొత్తంలో ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దూరాల నుంచి వచ్చినవాళ్ళు ఫోటో కోసం కంచెకు ముఖం ఆనించి అవస్థ పడుతుంటే, తన స్టూలు ఇచ్చి మరీ ఎక్కిస్తుంది.

ఆ రైలు మొదట్లో ఒట్టి ఇంజనే. మీటరుగేజి లైను తీసేశాక రైల్వేవాళ్ళు ఓ పాత ఆవిరి ఇంజనుకు నల్లరంగు వేసి, స్టేషను బయట కాస్తంత పట్టా మీద నిలబెట్టి కంచె కట్టారు. కొన్నేళ్ళకు అది మొదటి పెట్టె కాసింది. అప్పట్నుంచీ ఏటా మిర్చి తొలి కోతలప్పుడు వెనక కొసన అగ్గిపెట్టెంత మొగ్గ పడుతుంది. నెల తిరిగేసరికి ఉయ్యాలంత అవుతుంది. కోతలు ముగిసేసరికి కిటికీలూ తలుపులతో సహా నిండు పెట్టె. దానికి తగ్గట్టు కింద పట్టాలూ సాగుతాయి. రైల్వేవాళ్ళు వచ్చి కంచె జరిపి పోతారు. ఈ ఏడు ఆడవాళ్ళ పెట్టె వేస్తుందా, పడకల పెట్టె వేస్తుందా అని, గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలుకెళ్ళే రైతులు బళ్ళు ఆపి మరీ చూస్తారు.

ఖుర్షిదాకూ ఆ సరదా ఉండేది, ఏడో పెట్టె దాకా. దాని తర్వాత రైలు కొసకూ ఆవిడ కొట్టుకూ మధ్య ముప్పై అడుగులే మిగిలాయి. నిండు పెట్టెకు అరవై పైచిలుకు కావాలి. సెక్షన్ ఇంజనీరు ప్రసన్నకుమార్ వచ్చి, వచ్చే ఉగాది వెళ్ళగానే ఖాళీ చెయ్యమని నోటీసిచ్చి, కొట్టు గోడ మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తు వేయించాడు. మనిషి మంచివాడే, ఆ కాసేపూ తల ఎత్తలేకపోయాడు. భర్త పోయాక ఈ ఇరవై ఏళ్ళూ ఆ కొట్టే ఆవిడకు అన్నం పెట్టింది. మంగళగిరి నుంచి చెల్లెలు వచ్చెయ్యమంటోంది గానీ, ఒకరింట్లో ఓ మూల ఒదిగి బతకడమంటే ఖుర్షిదాకు ప్రాణం మీదికొచ్చినట్టే. అందుకే ఈ ఏడు మొగ్గ పడినప్పట్నుంచీ ఇవాళ్టి ఫోటోను నిన్నటిదాని పక్కన పెట్టి చూసుకుంటోంది. అదెంత పెరిగిందో తెలిస్తే తనకెన్ని రోజులు మిగిలాయో తెలుస్తుందని.

మార్చి మొదట్లో చెంచురామయ్య టీ తాగడానికి ఆగాడు. నలభై ఏళ్ళుగా మిర్చి వేస్తున్న మనిషి. ఆవిడ ఫోటోలన్నీ ఒక్కొక్కటే జరిపి చూశాడు. రెండు నెలలవుతున్నా మొగ్గ ఆటో అంతకు మించలేదు, కానీ అప్పుడే ఎర్రగా రంగు తిరిగింది.

"అమ్మాయ్, ఇది పెరగట్లేదు, పండుతోంది," అన్నాడు. "ఆఖరి కోతలో కాయ ఇట్టాగే పొట్టిగా వస్తది. చెట్టులో సత్తువ అయిపోయినట్టే."

ఇనుముకు సత్తువేంటి బాబాయ్ అని ఖుర్షిదా కొట్టిపారేసింది గానీ, ఆ మాట బుర్రలో తిరుగుతుంటే ఆ రోజు ముగ్గురికి చక్కెర లేని టీ ఇచ్చింది.

మరో నాలుగు రోజులకు తీసిన ఫోటోలో, మొగ్గ వెనక గోడ మీద పసుప్పచ్చగా ఏదో మరక కనబడింది. పెద్దది చేసి చూస్తే ఇంటూ గుర్తు. కూలగొట్టే గోడలకు వేసే గుర్తు అది. మనుషులు వేసింది చాలక, రైలు కూడా తన కొట్టుకు ఎదురుగా అదే గుర్తు వేసింది. ఇక ఆశ పెట్టుకుని లాభం లేదని, గ్లాసులూ గిన్నెలూ గోనెసంచుల్లో సర్దింది. ఏడుస్తూనే సర్దింది.

ప్రసన్నకుమార్ టేపు పట్టుకుని కొలతలకు వచ్చేసరికి మూడు సంచులు మూతి కట్టి ఉన్నాయి. ఆవిడ ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. తర్వాత కంచె తాళం తీసి లోపలికెళ్ళి, ఆ గుర్తును చేత్తో తడిమి వచ్చాడు.

"ఖుర్షిదా గారూ, ఇది కూలగొట్టే గుర్తు కాదండీ. ఏ రైలుకైనా ఆఖరి పెట్టె వెనక ఇదే ఉంటుంది. బండి మొత్తం వచ్చేసిందని మావాళ్ళు దీన్ని చూసే రాసుకుంటారు. ఇది గార్డు పెట్టె. పాతిక అడుగులు దాటదు."

"మరి వచ్చే ఏడు?"

"గార్డు పెట్టె తర్వాత ఇంకేం ఉండదండీ. ఇక కాయదు."

నోటీసు వెనక్కి తీసుకుని, గోడ మీది ఎర్రగుర్తుకు ఆయనే దగ్గరుండి సున్నం కొట్టించాడు. ఖుర్షిదా సంచులు విప్పింది.

ఉగాది నాటికి పెట్టె తయారైంది. వెనకవైపు ఇద్దరు నిలబడేంత చిన్న వరండా కూడా వచ్చింది. కంచె జరపడానికి కూలీలు దిగారు. కొట్టు ముందు బల్లకు చోటుండాలని, రైలుకు రెండడుగుల్లోనే గుంతలు తియ్యమన్నాడు ప్రసన్నకుమార్. ఖుర్షిదా గుమ్మంలో నిలబడి చూస్తోంది. మూడు నెలలుగా ఆగు తల్లీ ఆగమని దాన్ని వేడుకున్న మనిషి, తీరా అది ఆగిపోయేసరికి దుఃఖం ఆపుకోలేకపోయింది. ఇక ఏ ఏడూ ఏం కాస్తుందోనని ఎదురుచూసే పని లేదు.

కళ్ళు తుడుచుకుని, బల్లను ఈడ్చి గోడకు ఆనించి, కూలీల దగ్గరికి వెళ్ళింది.

"గుంత ఇంకో మూర ఇటు తియ్యండి నాయనా. దానికి గాలాడొద్దూ?"

కూలీలు ఇంజనీరు వైపు చూశారు. ఆయన టేపు చుట్టేసి, ఆవిడ చెప్పినచోటే తియ్యమన్నాడు.