హార్డ్ డిస్కుకి కొబ్బరినీళ్ళు

"కొబ్బరినీళ్ళే కదమ్మా, మంచివేగా. మనిషికే చలవ చేస్తాయి, దానికేమవుద్ది?" అంది మాణిక్యమ్మ.

అత్తగారి వైద్యం అనూహ్య లాప్‌టాప్‌కి పడలేదు. ముందురోజు ఆయుధపూజ. ఆ ఇంట్లో ప్లగ్గున్న ప్రతిదానికీ, చక్రాలున్న ప్రతిదానికీ బొట్టు పడింది. మిక్సీకి, గ్రైండరుకి, ఇన్వర్టరుకి, అనూహ్య మొగుడు విశ్వతేజ బండికి, అతని విత్తనాల షాపులోంచి మోసుకొచ్చిన కాటాకి. బొట్టు పెట్టినవాటిని ఆ రోజు ముట్టుకోకూడదు, వాటికి విశ్రాంతి ఇవ్వాలి. కోడలు అనూహ్యకి ప్లగ్గూ లేదు, చక్రాలూ లేవు కాబట్టి ఆమె ఆ జాబితాలోకి రాలేదు. గ్రైండరు సెలవులో ఉందని గారెల పప్పు రోట్లో రుబ్బింది.

"సరస్వతీదేవమ్మా ఇది" అని లాప్‌టాప్‌ని తెరిచి పీట మీద పెట్టింది మాణిక్యమ్మే. విశ్వతేజ దాని పక్కనే కొబ్బరికాయ కొట్టాడు. షాపులో యూరియా బస్తాలెత్తే చెయ్యి. కాయ మూడు చెక్కలైంది. నీళ్ళు సగం దేవుడికి, సగం సరస్వతికి. "శుభం" అన్నాడు మామగారు కుర్చీలోంచి. ఆయన చేసే పని అదొక్కటే కానీ, అది మాత్రం బాగా చేస్తాడు.

మర్నాడు పొద్దున అనూహ్య ఆఫీసు పనికి కూర్చుంటే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. బూట్ డివైస్ నాట్ ఫౌండ్. దాని లైట్లు వెలుగుతున్నాయి, లోపల ఫ్యాను తిరుగుతోంది. తన లోపలున్న హార్డ్ డిస్కునే అది గుర్తుపట్టట్లేదు.

విశ్వతేజ రంగంలోకి దిగాడు. ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ ఆపి, ఈసారి కొంచెం కోపంగా వేశాడు. చిన్నప్పుడు టీవీని కొట్టినట్టు వెనకనుంచి ఒకటి చరిచాడు. ఛార్జరు పిన్ను నోటితో ఊదాడు. చివరికి, "నువ్వేదో నొక్కుంటావు" అన్నాడు. ఆ ఇంట్లో ఏది పాడైనా రిపేరు అక్కడితో పూర్తవుతుంది.

"పోతే పోయిందిలే, దానికింత మొహం మాడ్చుకోవటం దేనికి? కొత్తది కొనుక్కుందాం" అని స్నానానికి వెళ్ళాడు.

ఆ మాట అనూహ్య ఇంతకుముందు ఒకసారి విన్నది. ఆసుపత్రిలో, మంచం పక్కన. అప్పుడది "కొనుక్కుందాం" కాదు, "కనొచ్చులే".

పాప పుట్టింది విత్తనాల సీజన్లో. షాపు ముందు రైతులు క్యూ కట్టి ఉన్నారని విశ్వతేజ సాయంత్రానికి గానీ రాలేదు. పాప బారసాల దాకా కూడా ఆగలేదు. ఊపిరితిత్తులు సరిగ్గా లేవన్నారు. ఆసుపత్రి చీటీ మీద "బేబీ ఆఫ్ అనూహ్య" అని ఉంది. అదే పేరు, అదే ఇంటిపేరు. పసిబిడ్డకి ఫొటోలు తీస్తే దిష్టి తగులుతుందని మాణిక్యమ్మ ఎవర్నీ తీయనివ్వలేదు. నర్సు సరదాగా ఫోనెత్తితే ఆవిడ అరిచిన అరుపుకి పక్క వార్డులో ఇద్దరు పిల్లలు లేచారు. దిష్టి తగలకుండా అంత పకడ్బందీగా కాపాడిన పిల్ల వెళ్ళిపోయింది.

కానీ అనూహ్య తీసింది. అత్తగారు ఫ్లాస్కు పట్టుకుని కాఫీకి వెళ్ళినప్పుడు, తువ్వాలు చాటున, ఒకే ఒక్క వీడియో. పాప ఆవలిస్తుంది. అంత చిన్న నోరు అంత పెద్దగా ఎలా తెరుచుకుందో తెలీదు. తర్వాత తల్లి వేలు పట్టుకుని, ఇదెవరిది అన్నట్టు చూస్తుంది. అంతే. ఫోనైతే విశ్వతేజ చూస్తాడని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్లోది చెరిపేసింది. ఆఫీసు ఫైళ్ళ అడుగున దాచుకుంది. అందరూ పడుకున్నాక కాదు, పట్టపగలే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులో ఉన్నట్టు మొహం పెట్టి చూసుకునేది. "పాపం, మా కోడలు కళ్ళమ్మట నీళ్ళు కారేలా పనిచేస్తుంది" అని మాణిక్యమ్మ పక్కింటావిడకి గొప్పగా చెప్పుకుంది కూడా.

మళ్ళీ నెల తప్పిందని పోయిన నెలే కొత్త డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. "పిల్లలెంతమంది?" అని ఆవిడ అడిగింది అనూహ్యని. "ఇంకా లేరండీ, ఇదే మొదలు" అంది మాణిక్యమ్మ. విశ్వతేజ గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. లోపలున్నదాన్ని లేదనటం లాప్‌టాప్ కూడా ఈ ఇంట్లోనే నేర్చుకున్నట్టుంది.

అతను స్నానం ముగించేలోపు అనూహ్య కుట్టుమిషను డబ్బాలోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసింది. ఫోన్లో ఎవరో కుర్రాడు తెలుగులో చెబుతున్న వీడియో పెట్టుకుని, మరలన్నీ ఊడదీసి ఆవకాయ జాడీ మూతలో వేసింది. ముందు బ్యాటరీ తీయమన్నాడు, తీసింది. హార్డ్ డిస్కు తగిలే చోట సన్నటి పిన్నుల మధ్య కుంకుమ పేరుకుని, దాని మీద తీపి జిగురు. శానిటైజరులో దూది ముంచి, చంటిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా తుడిచింది. ఆ పని ఆమెకి ఎవరికీ చేసే అవకాశం రాలేదు. ఆరబెట్టి, బిగించి, ఎఫ్ టూ నొక్కింది. హార్డ్ డిస్కు ఉండాల్సిన వరస ఖాళీ. ఊడదీసి మళ్ళీ పెట్టింది. ఖాళీ.

"టిఫినేదీ?" అన్నాడు విశ్వతేజ తల తుడుచుకుంటూ.

"ఉప్మా మీరు చేసుకోండి. నేను తాజుద్దీన్ షాపుకి వెళ్తున్నా."

ఉప్మా మాట అర్థం చేసుకోవటానికి అతనికి కాస్త టైం పట్టింది. తర్వాత, "ఆడవాళ్ళు ఒంటరిగా వెళ్తే బిల్లు వాయిస్తారు" అంటూ బండి తీశాడు. బండికి ఇంకా బంతిపూల దండ ఉంది.

బస్టాండు దగ్గర కంప్యూటర్ రిపేరు షాపులో తాజుద్దీన్ డిస్కుని వేరే వైరుకి తగిలించాడు. లోపలనుంచి టిక్, టిక్ మని శబ్దం. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇక్కడ కాదక్కా. విజయవాడ పంపాలి. వచ్చుద్దని మాత్రం చెప్పలేను. ఏముంది ఇందులో?"

"ఏం లేదులే తాజూ" అన్నాడు విశ్వతేజ. "నాలుగు పాత సినిమాలు."

"వీడియో ఉంది" అంది అనూహ్య.

"పెళ్ళిదా? అది తీసింది మా బావేగా, కాపీ ఆయన దగ్గరుంది!" అన్నాడు తాజుద్దీన్.

"పాపది."

రోడ్డు మీద తిరువూరు డిపో బస్సు హారన్ కొడుతూనే ఉంది. విశ్వతేజ ఆమె వైపు తిరిగాడు. తీశావా అని అడగబోయాడో, నాకెందుకు చూపించలేదని అడగబోయాడో. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

ఇవేమీ తెలియని తాజుద్దీన్ స్టిక్కరు అంటించి పెన్ను మూత తీశాడు. "పేరు చెప్పండి, రాస్తా. పేరు లేకుండా పంపితే అక్కడ వందల్లో కలిసిపోద్ది, మళ్ళీ దొరకదు."

"విశ్వతేజ అని రాయి" అన్నాడు అతను.

"కాదు" అంది అనూహ్య. "తొలకరి అని రాయండి."

"తొలకరా? సార్ షాపులో కొత్త విత్తనం కంపెనీయా అక్కా?"

"కాదు. మా పెద్దమ్మాయి."