బోరింగు నడిచిన దూరం

పొద్దున్నే హనుమక్క బిందె తీసుకుని బోరింగుకు వెళ్లడం, రాత్రి అది ఎంత జరిగిందో చూసొచ్చి మొగుడికి చెప్పడం, మొగుడు ఆవలించడం. ఆ ఇంట్లో తెల్లవారే పద్ధతి ఇది.

ఆ ఊరి బోరింగు నడుస్తుంది. భూమిలో తడి ఎటుంటే అటు పోతుంది, రాత్రికి జానెడు, మహా అయితే మూరెడు. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఒకప్పుడు హనుమక్క మొగుడు వీరేష్ ఇంటి ముందరే ఉండేది. హనుమక్క పొయ్యి మీద ఎసరు పెట్టి వెళ్లి, అది కాగేలోపు బిందెతో తిరిగొచ్చేది.

"ఈపొద్దు తుమ్మచెట్టు దాటిందయ్యా," అంది ఒకరోజు.

"నిన్న యాడుండె?" అన్నాడు వీరేష్.

"చెట్టుకు ఈపక్క."

"మరింకేమ్మే! జానెడు దూరానికి ఇంత గోలనా?"

ఎవరికైనా ఒళ్లు మండదా? వీరేష్ చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యెత్తడు. కానీ దేన్నైనా నిన్నటితోనే కొలుస్తాడు, అదే అతనితో వచ్చిన చిక్కు. "ఒక్కసారి నాతో కూడా రాయ్యా, మోకాళ్లు పోతాండాయి," అని హనుమక్క బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది కూడా. చెనక్కాయల కలుపు అయిపోనీ, వస్తానన్నాడు. కలుపు అయింది, కోత వచ్చింది. వానలు మొహం చాటేసిన ఏడు ఏ పనీ లేక అరుగు మీదే కూర్చున్నాడు. అప్పుడూ రాలేదు.

బోరింగు చేను దాటింది, వంక దాటింది, రాయదుర్గం రోడ్డెక్కింది. చివరికి రాయదుర్గం మొదట్లో జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డు పక్కన నిలబడింది. తన వంతు వచ్చేదాకా ఊరికే నిలబడటం ఎందుకని హనుమక్క షెడ్డు గడపలో కూర్చుని ప్యాంట్ల దారాలు కత్తిరించింది. తర్వాత గుండీలు వేసింది. ఆ తర్వాత మిషను ఎక్కింది. ఇంటికి మధ్యాహ్నం చేరేది కాస్తా సాయంత్రం చేరసాగింది, ఆపైన మొగుడు పడుకున్నాక.

"ఆలస్యమైతాండాదయ్యా."

"నిన్నా ఇంతే గదమ్మే," అన్నాడు వీరేష్.

ఆ మాటతో ఆమె చెప్పడం మానేసింది.

చాన్నాళ్లకు ఒక పొద్దున వీరేష్ లేచేసరికి గడపలో నిండు బిందె లేదు. రోజూ బిందెతోపాటు ఉండే సంగటి డబ్బా కూడా లేదు. ఎండ ఎక్కేదాకా చూసి, పెళ్లాన్ని తిట్టుకుంటూ, ఖాళీ బిందె భుజాన పెట్టుకుని బయల్దేరాడు. బోరింగు తుమ్మచెట్టు దగ్గర దొరుకుతుందనుకున్నాడు. చెట్టు ఎప్పుడు కొట్టేశారో, మొద్దు కూడా పుచ్చిపోయింది. నాలుక పిడచకట్టుకుపోతుంటే వంక దాటి, రోడ్డు పట్టుకుని నడిచాడు. షెడ్డు చేరేసరికి పొద్దు వాలింది.

హనుమక్క మిషను ముందు కూర్చుని ఉంది. కళ్లద్దాలు పెట్టుకుంది. ఆ అద్దాలు అతను ఎన్నడూ చూడలేదు.

"ఇంత దూరమా! నాకొక మాట చెప్పకూడదామ్మే?"

"నోరు పడిపోయేదాకా చెప్పినా గదయ్యా!" అంది హనుమక్క.

"ఈపొద్దు నీళ్లేల తేలేదు?"

"పాల ఆటో చెడిపోయినాది."

"ఆటో యాడిది? తెచ్చేది నువ్వు గదా?"

"బిందె, సంగటి డబ్బా రోజూ ఓబిలేష్ పాల ఆటోలో పంపిస్తాండా. నేనీడనే, షెడ్డు వెనక రూములో ఉంటాండా."

వీరేష్ బిందె కిందపెట్టాడు. "అయిందేదో అయింది. ఇంటికి పోదాం రా."

"వస్తా. నేను ఆఖరుసారి మనింట్లో పండుకున్నది ఎప్పుడో చెప్పు. చెప్తే ఇప్పుడే వస్తా."

ఆమె స్టూలు వెనక్కి జరిపి లేచి నిలబడింది. ఉత్తుత్తికి అనలేదు, నిజంగానే ఎదురుచూసింది. వీరేష్ గుర్తు తెచ్చుకోబోయాడు. నిన్న గడపలో నిండు బిందె ఉంది. మొన్న కూడా ఉంది. ఉగాది నాడూ ఉంది. ఎంత వెనక్కి వెళ్లినా బిందే కనిపిస్తోంది గానీ, దాని పక్కన మనిషి కనిపించడం లేదు.

హనుమక్క చాలాసేపు చూసి, కూర్చుని, సూదిలో దారం ఎక్కించుకుంది. వీరేష్ బిందె తీసుకుని బయటికి వెళ్లి, బోరింగు ముందు ఆడవాళ్ల వరసలో చివర నిలబడ్డాడు.